2007 దీపావళి: ఓం శాంతి ఓం, సావరియా... ఇప్పుడు మీ తీర్పు ఏంటి?

బాల్కనీటికెట్:

2007 నవంబర్ 9, శుక్రవారం, దీపావళి. ఫరా ఖాన్ ‘ఓం శాంతి ఓం’, భన్సాలీ ‘సావరియా’ రెండూ ఆ రోజే వచ్చాయి. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో సగం మంది షారుక్ వైపు, మిగతా సగం కొత్తగా వస్తున్న రణ్‌బీర్ కపూర్ వైపు. మొదటి రోజే మార్నింగ్ షో ఒకటి, ఫస్ట్ షో ఒకటి చూసేశాం. బయటికి రాగానే చెప్పేసిన తీర్పు కూడా సూటిగానే ఉంది: ఓం శాంతి ఓం సూపర్, సావరియా బోర్. పోయిన వారం రెండూ మళ్ళీ చూశాను. ఇప్పుడు ఆ మాట అలాగే అనలేకపోతున్నాను, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

ఓం శాంతి ఓం మీద ఇష్టం తగ్గలేదు, పెరిగింది. పునర్జన్మ కథ మనకి కొత్తేం కాదు, ‘మూగ మనసులు’ గురించి వింటూ పెరిగిన ఇళ్ళు మనవి. కానీ ఆ కథని ఫరా ఖాన్ సినిమా వాళ్ళ మీద ప్రేమతో చెప్పింది. డెబ్బైల నాటి స్టూడియోలో గుంపులో ఒకడైన జూనియర్ ఆర్టిస్టు, హీరోయిన్ హోర్డింగు ముందు నిలబడి తన మనసులో మాట చెప్పుకునే సీను ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. ఇక చివర్లో పేర్లు పడేటప్పుడు లైట్‌బాయ్‌ల దగ్గర నుంచి అందరినీ ఎర్ర తివాచీ మీద నడిపించింది చూడండి, అది చూడకుండా లేచి వెళ్ళిపోయేవాళ్ళని ఆపి కూర్చోబెట్టాలనిపిస్తుంది నాకు. ఆ ఏడాది హిందీలో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా అదే, ఆ గెలుపు దానికి దక్కాల్సిందే.

నా ప్రశ్న సావరియా గురించి. ఊరంతా సెట్టే, కథంతా రాత్రే, ఎటు చూసినా నీలం రంగు. దోస్తోయెవ్‌స్కీ ‘శ్వేత రాత్రులు’ కథ అది. నిదానంగా సాగుతుంది, చివరికి హీరోకి ఆ అమ్మాయి దక్కదు. పొద్దున్న టపాకాయలు కాల్చి వచ్చిన వాళ్ళకి అలాంటి సినిమా చూపిస్తే ఏం ఎక్కుతుంది చెప్పండి? ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒంటరిగా వచ్చి ఉంటే దాని గతి వేరేగా ఉండేదని నా నమ్మకం. మీరేమంటారు?

రీలుపెట్టె:

అన్నా, ఓం శాంతి ఓం గురించి నువ్వు రాసింది అక్షరాలా నిజం. కానీ డేట్ తప్పు అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

2015 డిసెంబర్ 18 గుర్తు చేసుకో. అదే భన్సాలీ, ఎదురుగా అదే షారుక్. ఇటు ‘బాజీరావ్ మస్తానీ’, అటు రోహిత్ శెట్టి ‘దిల్‌వాలే’. క్రిస్మస్ సెలవులు మొదలయ్యే సమయం. షారుక్, కాజోల్ మళ్ళీ కలిసి చేస్తున్నారంటే ఎవరు ఆగుతారు? మొదటి రోజు వసూళ్ళలో దిల్‌వాలే చాలా ముందుంది. తర్వాత ఏమైంది? చూసినవాళ్ళు చెప్పుకుంటూ పోయారు, బాజీరావ్ నిలబడింది, ఇండియా వరకు లెక్క చూస్తే చివరికి అదే పైన తేలింది. అదీ విషాదాంతమే, అందులోనూ నాయకానాయికలు కలవరు. సెలవులకి వచ్చిన జనానికి ఏడిపించే సినిమా ఎక్కదంటే మరి అది ఎలా ఆడింది?

సావరియాలో లోపం కథలోనే ఉంది. హీరోయిన్ సకీనా ఎదురుచూసే ఆ ఇమాన్ ఎవరో, ఎలాంటివాడో మనకి సరిగ్గా తెలీదు. ఆ పాత్రలో సల్మాన్ వచ్చి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతాడు. అతని కోసం ఆ అమ్మాయి ఎందుకంతగా తపిస్తోందో మనకి తగలకపోతే, ఆఖర్న హీరో రాజ్ ఒక్కడే మిగిలిపోయినప్పుడు మనకి మాత్రం ఎక్కడ బాధ కలుగుతుంది? బాజీరావ్‌లో మస్తానీ ఏం వదులుకుని వచ్చిందో ప్రతి సీనులోనూ కనపడుతుంది. తేడా అక్కడుంది, తారీఖులో కాదు.

గోదారమ్మాయి:

రీలుపెట్టె గారూ, కథ గురించి మీరు చెప్పింది బాగుంది, కానీ పండగ సినిమా అంటే ఇంట్లో ఎవరు నిర్ణయిస్తారో కూడా చూడాలి కదండీ. మేము నలుగురం అక్కచెల్లెళ్ళం, పిల్లలు, అమ్మ, అత్తయ్య. పండక్కి అందరం కలిసి వెళ్ళేది ఒక్క సినిమాకే, రెండోది ఎంత బాగున్నా టీవీలో వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ ఒక్కటీ పిల్లలకి నచ్చాలి, అమ్మకి అర్థం కావాలి.

2012 దీపావళికి మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. నవంబర్ 13న ‘జబ్ తక్ హై జాన్’, ‘సన్ ఆఫ్ సర్దార్’ రెండూ వచ్చాయి. నాకు మొదటిది చూడాలని ఎంతో ఉండేది. యశ్ చోప్రా గారు అక్టోబర్ 21న పోయారు, ఆయన ఆఖరి సినిమా అది, రెహమాన్ పాటలు, గుల్జార్ సాహిత్యం. కానీ దాదాపు మూడు గంటలు, బాంబులు తీసే సైనికుడి విరహం, అమ్మ కూర్చోలేనంది. చివరికి సన్ ఆఫ్ సర్దార్‌కే వెళ్ళాం, ఎందుకంటే అది మన ‘మర్యాద రామన్న’ రీమేక్, కథ అమ్మకి ముందే తెలుసు. నా వరకు సునీల్ అమాయకంగా భయపడుతూ గడప దాటకుండా తిరిగిన తీరులో ఉన్న అందం అజయ్ దేవగణ్ ఫైట్లలో రాలేదు. ఇంటి లోపల ఉన్నంతసేపూ ప్రాణం దక్కుతుందన్నదే ఆ కథకి ఆయువుపట్టు, ఎవరినైనా కొట్టి పడేయగల హీరో అయితే ఇక టెన్షన్ ఎక్కడుంది?

జబ్ తక్ హై జాన్ తర్వాత ఒక్కదాన్నే చూశాను. మొదటి సగం లండన్ భాగం నాకు చాలా ఇష్టం. ఆ మతిమరుపు మలుపు దగ్గర మాత్రం మనసు చెదిరింది. అయినా ఆ పెద్దాయన సినిమాని హాల్లో చూడలేకపోయినందుకు ఇప్పటికీ బాధే.

నాలుగాటలు:

నేను కొన్నేళ్ళు ఒక సింగిల్ స్క్రీన్‌లో బుకింగ్ చూశాను, కాబట్టి అటువైపు సంగతి చెప్తాను. రోజుకి నాలుగు ఆటలు. రెండు పెద్ద సినిమాలు ఒకేసారి వస్తే చెరి రెండు ఆటలు వేద్దామని హాలు వాళ్ళకి ఉంటుంది, కానీ డిస్ట్రిబ్యూటర్ నాలుగూ నాకే కావాలంటాడు, లేకపోతే వచ్చే పెద్ద సినిమా ఇవ్వనంటాడు. గోదారమ్మాయి గారు చెప్పిన 2012లో గొడవ దీని మీదే. ఆగస్టులో వచ్చిన ‘ఏక్ థా టైగర్’ కావాలంటే దీపావళికి జబ్ తక్ హై జాన్ కూడా వెయ్యాలని ఆ రెండూ తీసిన యశ్ రాజ్ ఫిల్మ్స్ హాళ్ళని కట్టేసిందంటూ అజయ్ దేవగణ్ సంస్థ, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. కమిషన్ దాన్ని కొట్టేసింది. తర్వాత రెండు సినిమాలూ వంద కోట్లు దాటాయి. 2024 నవంబర్ 1న ‘సింగం అగైన్’, ‘భూల్ భులయ్యా 3’ వచ్చినప్పుడు కూడా స్క్రీన్ల దగ్గర అంతే పట్టు పట్టారు. మొదటి రోజు సింగం ముందు, ముగింపులో భూల్ భులయ్యా ముందు. నా తీర్పు కూడా అదే, అంతమంది స్టార్లని తెచ్చి ఒక్కొక్కరికీ ఒక ఎంట్రీ ఇచ్చి వదిలేసిన సినిమా కంటే, విద్యా బాలన్, మాధురి ఎదురెదురుగా నాట్యం చేసిన ఒక్క పాట నాకు ఎక్కువ.

సావరియా సంగతికొస్తే, నిదానంగా సాగే సినిమాకి జనంలో మాట పాకడానికి కొంత టైం కావాలి. పక్కన అంత పెద్ద హిట్ ఉంటే రెండో వారం దానికి ఆటలే మిగలవు, అలా తీసేయడం నా కళ్ళతో చూశాను. బాజీరావ్ రెండో వారానికి నిలబడిందంటే యుద్ధాలు, ‘పింగా’ లాంటి పాటలు మొదటి వారం లాక్కొచ్చాయి కాబట్టి.

బాల్కనీటికెట్:

రీలుపెట్టె తమ్ముడూ, ఇమాన్ గురించి నువ్వు రాసింది చదివి నిన్న రాత్రి ఆ భాగం ఒక్కటే మళ్ళీ పెట్టుకుని చూశాను. నువ్వన్నదే కరెక్ట్, అతను మనకి తెలీదు, అందుకే ఆఖరు సీను తగలాల్సినంత తగలదు. ఫిబ్రవరిలో వచ్చినా అది పెద్ద హిట్ అయ్యేది కాదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నాలుగాటలు గారు చెప్పినట్టు ఇంకో రెండు వారాలు హాల్లో ఉండి ఉంటే, ‘జబ్ సే తేరే నైనా’ పాటకో, మాంటీ శర్మ సంగీతానికో, రవి కె. చంద్రన్ కెమెరాకో మనసు పారేసుకునేవాళ్ళు ఇంకొందరు దొరికేవారు. నేనే అప్పుడు ఒక్కసారి చూసి వదిలేశాను, ఆ నీలి వెలుగుని పెద్ద తెర మీద రెండోసారి చూసే అవకాశం మళ్ళీ రాలేదు.

గోదారమ్మాయి గారూ, మర్యాద రామన్న గడప గురించి మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఈ ఆదివారం మళ్ళీ అదే పెట్టమంటోంది.