ఏడు చిన్న ట్రయల్స్ మాట నమ్మాలా, ఒక్క పెద్ద ట్రయల్ మాటా?

గోదారిగట్టు:
మా నాన్నగారు కొత్తగా ఒక సప్లిమెంట్ మొదలుపెట్టారు. వద్దంటే "ఏడెనిమిది స్టడీలు కలిపి చూశారట, అన్నీ మంచిదే అన్నాయి" అంటున్నారు. పది మంది ఒకే మాట చెబితే దానికి బలం ఉండదా?

మందులషాపు:
ఆ పది మందీ ఎంత చూసి చెప్పారో ముందు అడగాలండి. గుండెపోటు వచ్చినవాళ్లకు మెగ్నీషియం ఎక్కించడం గురించి 1991లో ఏడు ట్రయల్స్ కలిపి ఒక సమీక్ష వచ్చింది. మందు ఇచ్చిన 657 మందిలో 25 మంది పోయారు, ఇవ్వని 644 మందిలో 53 మంది. చూస్తే సగానికి సగం తగ్గినట్టే! కానీ రెండు వైపులా కలిపినా 78 మరణాలే. పది మంది అటూ ఇటూ అయితే ఆ తేడా నిలవదు. పైగా ఫలితం రాని చిన్న ట్రయల్స్ అచ్చుకే రాకపోతే, సమీక్ష చేసేవాళ్లకు అవి కనబడవు. 1995లో ఇదే మెగ్నీషియం మీద ఐసిస్-4 అనే పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది, 58,050 మందితో. మరణాలు మందు ఇచ్చినవాళ్లలో 7.64 శాతం, ఇవ్వనివాళ్లలో 7.24. మేలేమీ లేదు.

వార్డు డ్యూటీ:
ఇక్కడ నేను ఒప్పుకోను. ఐసిస్-4లో గుండెపోటు మొదలైన 24 గంటల్లోపు ఎప్పుడొచ్చినా చేర్చుకున్నారు. 1992 నాటి లిమిట్-2 అనే మెగ్నీషియం ట్రయల్ చిన్నదేం కాదు, 2,316 మంది. అందులో మరణాలు 24 శాతం తగ్గాయి. వేళ దాటాక మందిస్తే ఎంత మందికి ఇచ్చి ఏం లాభం?

మందులషాపు:
న్యాయమైన ప్రశ్న. అప్పుడు డాక్టర్ల మధ్య నడిచిన గొడవ కూడా ఇదే. అది తేల్చడానికే మ్యాజిక్ ట్రయల్ పెట్టి, ఆరు గంటల్లోపు వచ్చినవాళ్లనే తీసుకున్నారు, 6,213 మందిని. 2002లో ఫలితం వచ్చింది: మందు వైపు 475 మరణాలు, ఉత్తుత్తి మందు వైపు 472.

వార్డు డ్యూటీ:
సరే, మెగ్నీషియం వరకు ఒప్పుకుంటున్నాను. కానీ లిమిట్-2 చేసినవాళ్లు తప్పు చేశారని మాత్రం అనను. ఆ రోజుకు చేతిలో ఉన్న ఆధారం అది.

గోదారిగట్టు:
మరి సమీక్షలో "ఆధారం నాణ్యత తక్కువ" అని ఉంటే మందు పనిచేయదనేనా?

మందులషాపు:
కాదండీ. రేపొచ్చే స్టడీ ఈ అంకెను మార్చేసే అవకాశం ఎక్కువని. ఇవాళే నాన్నగారి చేత ఆ సమీక్ష తెరిపించండి. స్టడీలు ఎన్ని అని కాదు, మొత్తం ఎంత మంది, ఎన్ని మరణాలు అని చూడమనండి.

వార్డు డ్యూటీ:
ఆధారం నాణ్యతకు వేసే ఆ గ్రేడ్ ఎందుకు తగ్గించారో కూడా చూడమనండి. అది వేసేది మనుషులే, ఒకే స్టడీలకు ఇద్దరు వేర్వేరుగా వేయొచ్చు. కారణం రాయని సమీక్షను నేనైతే పక్కన పెట్టేస్తాను.