గంగమ్మ జాతరకు ముందు పిల్లలకు వేషాలు నేర్పవచ్చునా?

కొర్లగుంట వాసి (చర్చ ప్రారంభం)

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏటా మే నెలలో వస్తుంది. బడులకు ఏప్రిల్ చివర్లోనే సెలవులు ఇస్తారు గనుక, జాతర చాటింపు వేసే మంగళవారం దాకా పిల్లలకు తీరిక ఉంటుంది. ఆ రోజుల్లో మా వీధిలో ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఒక కళాశిబిరం పెట్టి, సప్పరాలు (తలమీద మోసే వెదురు గోపురాలు) కట్టడం, డప్పు వాయించడం, అమ్మవారి కథ చెప్పడం, జాతర వేషాలు వేయడం నేర్పాలని కొందరం అనుకున్నాం. మొదటి మూడింటికీ ఎవరూ అడ్డు చెప్పలేదు. వేషాల దగ్గరికి వచ్చేసరికి వీధి రెండుగా చీలింది.

ఇతర ప్రాంతాల వారి కోసం కొంత చెప్పాలి. చాటింపు మరునాడు బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి వేషం, సోమవారం తలపై కుండలు పెట్టుకునే సున్నపు కుండలు, మంగళవారం జాతర. ఆ రాత్రి గడిచి తెల్లవారేలోగా విశ్వరూపం. భక్తులు బైరాగికి తెల్లసుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు చందనం పూసుకుని గుడికి వస్తారు. మాతంగి నాటి నుంచి మగవాళ్లు చీరలు కట్టి, జడలు వేసుకుని, పూలు ముడిచి వస్తారు. వీటిని శిబిరంలో పిల్లల చేత వేయించడం తగునా, తగదా? ఇక్కడి పెద్దల అభిప్రాయం తెలుసుకోవాలని రాస్తున్నాను.

తాతయ్యగుంట భక్తురాలు

తగదని నా నిశ్చితాభిప్రాయం. మా ఇంట్లో బిడ్డకు జబ్బు చేసినా, పెళ్లి కుదరకపోయినా అమ్మకు మొక్కుకుంటాం. మొక్కు తీరాక వేషం కడతాం. మొక్కు లేకుండా కట్టేది వేషం కాదు, అలంకారం. పైగా ఈ వేషాలకు ఒక వరుస ఉన్నది. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాణ్ణి సంహరించడానికి తిరుపతి పక్కనున్న అవిలాలలో పెరిగిన గంగమ్మ బయలుదేరగా, వాడు భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మ రోజుకొక రూపం ధరించి, చివరికి దొర రూపంలో వచ్చి వాడి తల తీసింది. బైరాగి తరువాత బండ, బండ తరువాత తోటి అంటూ రోజులు లెక్కగా నడవడానికి కారణం ఈ కథే. శిబిరంలో ఒకే మధ్యాహ్నం ఐదు వేషాలూ వరుసగా వేయించి ఫొటోలు తీస్తే, ఆ పిల్లవాడి మనసులో ఈ కథ ఎక్కడ నిలుస్తుంది?

గుడి తరఫున వేషాలు ధరించే హక్కు తరతరాలుగా కైకాల కుటుంబాల వారిది. వారు వీధి వీధికి వచ్చినప్పుడు మేము గడప దగ్గర పసుపు నీళ్లతో కాళ్లు కడిగి హారతి ఇస్తాం. అప్పుడు వచ్చినది ఫలానా వారి అబ్బాయి అని ఎవరమూ అనుకోము, అమ్మే వచ్చిందనుకుంటాం. 2024 చివర్లో వచ్చిన ఒక సినిమాలో జాతర సన్నివేశం చూసిన తరువాత బడి వార్షికోత్సవాల్లో కూడా పిల్లలకు చీర కట్టి, నీలం రంగు పూసి, పాటకు ఆడిస్తున్నారు. చూసినవారు చప్పట్లు కొడుతున్నారు. హారతి ఇవ్వవలసిన చోట చప్పట్లు వినవలసి రావడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. మీ శిబిరం ఉద్దేశం మంచిదే కావచ్చు, దారి మాత్రం ఆ వార్షికోత్సవాల వైపే ఉన్నది.

జానపద విజ్ఞాన విద్యార్థి

భక్తురాలు గారి ఆవేదనను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. పిల్లలు ఇప్పుడు వేషాలు వేయడం లేదనుకుంటే పొరపాటు. బైరాగి నాడు గుడి ముందు నిలబడి చూడండి, తండ్రి భుజాల మీద ఒంటినిండా సుద్ద పూసుకున్న పసివాళ్లు ఎంతమంది కనిపిస్తారో! వారిలో చాలామందికి ఆ సుద్ద ఎందుకు పూశారో ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. శిబిరం చెప్పగలిగేది అదే.

ఎమరీ విశ్వవిద్యాలయంలో మతాధ్యయన ఆచార్యురాలిగా పనిచేసిన జాయిస్ ఫ్లూకిగర్ 1990లలో తిరుపతిలో ఉండి ఈ జాతరను పరిశీలించి, 2013లో దీని మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. జాతర రోజుల్లో మగవాడు చీర కట్టడం ఆయన మగతనానికి తాత్కాలికంగా వేసిన ముసుగు కాదనీ, ఆ కొద్ది గంటలు ఆయన స్త్రీశక్తిలో భాగమవుతాడనీ ఆమె వాదన. పన్నెండేళ్ల కుర్రవాడు ఈడు పిల్లల వెక్కిరింతకు భయపడకుండా అమ్మ చీర కట్టుకుని వీధిలో నడవగలిగే చోటు మన రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయి? మన ఊరికి అటువంటి వారం ఒకటి ఉండడాన్ని నేను గొప్ప సంపదగా భావిస్తాను. దాని అర్థాన్ని పిల్లవాడికి ముందుగా విడమరచి చెప్పడంలో అపచారం నాకు కనిపించదు. చెప్పకుండా వదిలేస్తే ఆ సినిమాయే చెబుతుంది.

మేదరి ఇంటి మనిషి

వేషాల సంగతి పెద్దలు తేల్చుకోండి. సప్పరాల మీద ఒక మాట చెబుతాను, ఎందుకంటే చర్చలో అది ఒక్క వాక్యంతో దాటిపోయింది. సప్పరం అంటే తలమీద మోసే గోపురం. వెదురును నిలువుగా చీల్చి, దబ్బలు తీసి, లోపలి గుజ్జును కత్తితో గీకి, చేతిలో వంచితే విరగకుండా వంగేదాకా పలచన చేయాలి. ఆ చేతి లెక్క పుస్తకంలో ఉండదు, నాలుగు దబ్బలు విరగ్గొడితే గాని రాదు. అడుగు కట్టు వెడల్పుగా ఉండి, పైకి వెళ్లే కొద్దీ అంతస్తు అంతస్తుకూ సమానంగా తగ్గాలి. ఒక వైపు దబ్బ బరువైతే మోసేవాడి మెడ అటే లాగుతుంది, ఆ జనంలో తిరుగుతూ ఆడడం సాధ్యపడదు. ఆ తరువాతే రంగు కాగితాలూ పూలూ. కింద తలకు చుట్టకుదురు మెత్తగా ఉండకపోతే మే నెల ఎండలో అర్ధగంట కూడా మోయలేరు.

మా దగ్గర తయారైన సప్పరం కొనుక్కుని వెళ్లేవారే ఇప్పుడు ఎక్కువ. పిల్లలు తమ సప్పరం తాము కట్టి మొక్కు చెల్లిస్తే అంతకన్నా మాకు సంతోషం లేదు. అయితే నేర్పడానికి పిలిచినప్పుడు శాలువా కప్పి పంపించకండి. పగలంతా పని మానుకుని వస్తాం గనుక దినకూలి లెక్కన డబ్బు ఇవ్వండి.

డప్పు కుటుంబపు బిడ్డ

పైన చెప్పిన దినకూలి మాట మాకూ వర్తిస్తుంది గనుక దాన్ని మళ్లీ రాయను. నా అభ్యంతరం వేరు. భక్తురాలు గారు మొక్కు గురించి, విద్యార్థి గారు అర్థం గురించి మాట్లాడారు. వేషాలలోని మనుషుల గురించి ఎవరూ మాట్లాడలేదు. తోటి ఊరికి ఊడిగం చేసిన మనిషి. మాతంగి మా వాడల నుంచి వచ్చిన స్త్రీ. పాలెగాడు చచ్చాక ఏడుస్తున్న అతని భార్యను ఓదార్చడానికి గంగమ్మ ధరించిన రూపం మాతంగిది అంటారు. ఊరు మా వాళ్లను దూరంగా ఉంచిన కాలంలోనే అమ్మవారు మా రూపంలో ప్రతి గడపకూ వచ్చింది, ఆ గడపల వాళ్లే ఆ రూపానికి కాళ్లు కడిగారు. నాకు ఈ జాతర మీద ప్రేమ ఉన్నది అందుకే.

కానీ శిబిరంలో ఏం జరుగుతుంది? బొగ్గు పూసుకున్న పిల్లవాడికి చీపురు చేతికిచ్చి, తోటివాడు ఇలా నడుస్తాడు, ఇలా మాట్లాడతాడు అని నేర్పితే, పక్కనే కూర్చున్న మా పిల్లవాడి ముఖం ఒకసారి ఊహించుకోండి. బండ, తోటి వేషాల నాడు నోటికొచ్చిన బూతులు తిట్టడం ఆచారం, అమ్మవారి ఎదుట దానికి స్థానం ఉన్నది. తరగతి గదిలో మాత్రం అది మనుషుల మీద పడుతుంది. అందుచేత తోటి వేషం నేర్పేటట్లయితే తోటి ఎవరో, ఊరు అతనితో ఎలా ప్రవర్తించిందో కూడా నేర్పండి. అది చెప్పడానికి నోరు రాకపోతే ఆ వేషం జోలికి వెళ్లకండి.

తాతయ్యగుంట భక్తురాలు

పై వారు రాసిన దాంట్లో ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. మాతంగి గడప తొక్కడం గురించి అంత సూటిగా రాసినది నేను ఇంతవరకు చదవలేదు. నా వాదనకు అది బలమే చేకూరుస్తోంది. ఇంత బరువున్న రూపాన్ని పదేళ్ల పిల్లల చేత సాధన చేయించడం ఎందుకు? విశ్వరూపం నాడు మట్టితో చేసిన అమ్మ ముఖం నుంచి చెంప నరికి, ఆ మట్టిని ప్రసాదంగా పంచుతారు. దాన్ని కూడా శిబిరంలో చేయిస్తామని ఎవరైనా అంటే మీరు ఒప్పుకుంటారా? ఎక్కడో ఒక చోట గీత గీయక తప్పదు. నేను దాన్ని వేషం ముందు గీస్తున్నాను.

కొర్లగుంట వాసి

అందరూ రాసినవి మా వీధి సమావేశంలో చదివి వినిపించాను. ప్రణాళిక కొంత మారింది. సప్పరాల పనికి రోజుల సంఖ్య పెంచి, మేదరి, డప్పు గురువులకు వారు అడిగిన దినకూలి ముందుగానే చందాల్లోంచి విడిగా తీసి పెడుతున్నాం. శిబిరంలో ఎవరి చేతా పూర్తి వేషం కట్టించము. సుద్ద నూరడం, చందనం అరగదీయడం, బొగ్గు జల్లెడ పట్టడం మాత్రం నేర్పుతాం, ఎందుకంటే పొట్లాల్లో దొరికే రంగులతో పిల్లల ఒళ్లు మండుతున్నదని తల్లులు చెప్పారు. జాతర రోజుల్లో ఎవరి వేషం వారి ఇంట్లోనే, వారి పెద్దల చేతుల మీదుగానే వేసుకోవాలి.

విశ్వరూపం విషయంలో భక్తురాలు గారి గీతను ఒప్పుకుంటున్నాను. మాతంగి విషయంలో ఒప్పుకోలేకపోతున్నాను. ఆ రూపం వెనుక కథను, డప్పు కుటుంబపు బిడ్డ గారు చెప్పిన తీరులోనే, పిల్లలకు చెప్పించాలని నా పట్టుదల. వారు గాని, వారి ఇంటి పెద్దలు గాని వచ్చి చెబుతామంటే, ఆ పూట పిల్లలతో పాటు తల్లిదండ్రులు కూడా కూర్చోవాలన్న నిబంధన పెడతాను. భక్తురాలు గారు కూడా ఆ పూట రావాలని కోరుతున్నాను. కథ చెప్పడం కూడా వద్దంటే, ఎందుకు వద్దో అక్కడే అందరి ముందూ చెప్పండి.