హాల్ గోడకి ఒరిజినల్ కాన్వాస్ పెయింటింగ్: ఏది అసలు, ఏది ప్రింటు, ఎట్ల తెలుసుకోవాలి?

కొత్తిల్లు_హన్మకొండ:

అందరికీ నమస్తే. హన్మకొండలో మా ఇంటి పని చివరికొచ్చింది, సంక్రాంతి వెళ్లాక ముహూర్తం చూసి గృహప్రవేశం పెట్టుకుందామని. హాల్‌లో సోఫా వెనక పన్నెండడుగుల గోడ ఖాళీగా ఉంది, సోఫా ఏడడుగులు. ఫాల్స్ సీలింగ్‌కీ టీవీ యూనిట్‌కీ లక్షలు పోశాం, గోడకి మాత్రం ఫ్లెక్సీ లాంటి బొమ్మ వద్దు, చేత్తో వేసిందే కావాలని మా ఆయన పట్టు. బడ్జెట్ నలభై వేల దాకా అనుకున్నాం.

ఇంటీరియర్ అతను ఒక షాపుకి తీసుకెళ్లాడు. పెద్ద బొట్టు, ముక్కుపుడక, ఎర్ర చీర, భుజం మీద చిలక, చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లా ఉంది. "హండ్రెడ్ పర్సెంట్ హ్యాండ్‌మేడ్ మేడమ్, పద్దెనిమిది వేలు" అన్నారు. చెయ్యి పెట్టి చూస్తే గరుకుగానే ఉంది. కానీ ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే అదే చిలక, అదే చీర మూడు సైజుల్లో కనబడింది, అప్పట్నుంచి డౌట్. అసలుదని ఎట్ల గుర్తుపట్టాలి? హైదరాబాద్ పోకుండా దొరుకుతాయా? ఆ గోడ పడమటి వైపుది, వానాకాలంలో కొంచెం చెమ్మ పట్టింది కూడా. మా అత్తమ్మ అయితే ఏడు గుర్రాల బొమ్మ తెమ్మంటున్నారు, అది వేరే కథ.

కుంచె_కాజీపేట:

మూడు సైజుల్లో ఉందన్నారు చూడండి అక్కా, జవాబు అక్కడే ఉంది. చేత్తో వేసేవాళ్లు అదే బొమ్మ మళ్లీ వేసినా చిలక ముక్కు వంపు దగ్గర్నుంచి చీర మడత దాకా అచ్చు అట్లే రాదు. మీరు చూసింది కాన్వాస్ మీద కొట్టిన ప్రింటు, పైన పారదర్శకంగా ఉండే జెల్ బ్రష్‌తో పూస్తారు, అందుకే చేతికి గరుకు తగిలింది. అలా చేయడం తప్పేం కాదు, హ్యాండ్‌మేడ్ అని చెప్పి అమ్మడమే తప్పు.

మళ్లీ ఆ షాపుకి వెళ్తే ఫోన్ టార్చి వేసి బొమ్మకి పక్కనుంచి, దాదాపు గోడకి ఆనించినట్టు పట్టుకోండి. అసలు పెయింటింగ్‌లో గీతలు బొమ్మ వెంట పోతాయి, ముక్కు దగ్గర కుంచె ముక్కు వైపే తిరుగుతుంది, బొట్టు దగ్గర రంగు చిన్న గుబ్బగా లేస్తుంది. జెల్ పూసినదాంట్లో గీతలు ఒక దిక్కు, బొమ్మ ఒక దిక్కు, చీరా చెంపా అన్నిటి మీంచి ఒకటే ఊపులో పోయి ఉంటాయి. తర్వాత కెమెరా బాగా జూమ్ చేసి ఒక రంగు ఇంకో రంగులో కలిసే చోటు ఫొటో తీయండి, ప్రింటైతే సన్నటి చుక్కలు కనబడతాయి. ఇక అందరూ మర్చిపోయేది వెనకవైపు. తిప్పి చూపించమనండి. అంచుల్లో రంగు అక్కడక్కడా కారి ఉండటం, వెనక పెన్సిల్‌తో సైజో తేదీయో రాసి ఉండటం, సంతకం వెలుతుర్లో మెరిసే తీరు ముందున్న రంగు లాగే ఉండటం, ఇవన్నీ మనిషి పని చేసిన గుర్తులు. తిప్పి చూపించమంటే మొహం మాడ్చుకునే షాపులో కొనకండి, నా మాట అంతే.

వైకుంఠం గారి సంగతి. ఆయన మన కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టినవారు, ఆ బొట్టూ ఆ రంగులూ మన ఊళ్ల ఆడవాళ్లవే. ఆయన అసలు కాన్వాస్ పద్దెనిమిది వేలకు రావడం కల్ల. సెరిగ్రాఫ్ అని సిల్క్ స్క్రీన్ మీద తీసే పరిమిత సంఖ్య ప్రింట్లు మాత్రం ఉంటాయి, కింద పెన్సిల్‌తో సంతకం, 25/100 లాంటి నంబరు ఉంటుంది, అంటే వందలో ఇరవై ఐదోది అని. అది ప్రింటని చెప్పే అమ్ముతారు. "వైకుంఠం స్టైల్" అని వీధికొకటి దొరికేవి అనుకరణలు. ఆ డబ్బుకి పేరు లేని కుర్రాడు సొంతంగా వేసిన బొమ్మ కొంటే వాడికి రంగుల ఖర్చయినా వస్తుంది.

లైట్_తీస్కో:

అన్నా, ఇంటికొచ్చినోళ్లు చాయ్ తాగి పోతారు, ఎవరు బొమ్మ వెనక్కి తిప్పి చూస్తారు? ప్రింటు రెండు వేలకు వస్తది, మిగిలిన ముప్పై ఎనిమిది వేలకు ఏసీ పెట్టుకోండి, మే నెలలో వరంగల్ ఎండకు అదే కావాలె.

కుంచె_కాజీపేట:

రెండు వేలకు ప్రింటని తెలిసి కొంటే ఎవరికీ అభ్యంతరం లేదు తమ్ముడూ. అదే ప్రింటు పద్దెనిమిది వేలకు పెయింటింగ్ పేరుతో అంటగడుతున్నారు కాబట్టే ఇంత రాయాల్సి వచ్చింది. ఏసీ కూడా పెట్టుకోమను, బొమ్మకీ మంచిదే.

ఫ్రేమింగ్_చౌరస్తా:

మేడమ్, మాది వరంగల్లో ఫ్రేములు కట్టే పని. మీరు అడిగినదాంట్లో అసలు కష్టం గోడది. చెమ్మ ఎక్కడ్నుంచి వస్తుందో చూసి బయటివైపు ప్లాస్టరింగ్, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఒక వానాకాలం గడిచేదాకా ఆ గోడకి కాన్వాస్ పెట్టకండి. నెమ్ము గోడకి ఆనించిన కాన్వాస్‌కి వెనక నల్లటి బూజు పడుతుంది, మీకు ముందు నుంచి ఏమీ కనబడదు, తీసి చూసేసరికి ఆలస్యమైపోతుంది. మా దగ్గరికి అట్లాంటివి వస్తూనే ఉంటాయి. వేరే గోడ ఉంటే అక్కడ పెట్టండి, కిటికీ ఎండ నేరుగా పడని చోటు చూసి. ఎక్కడ పెట్టినా ఫ్రేమ్ వెనక కింది రెండు మూలలకీ రబ్బరు బిళ్లలు అంటించమనండి, గోడకీ బొమ్మకీ మధ్య గాలి ఆడుతుంది, చెదలు గోడమీంచి ఎక్కినా కంటికి కనబడతాయి.

వానాకాలంలో కాన్వాస్ కొంచెం వదులై అలలు వచ్చినట్టు అవుతుంది, భయపడకండి. మంచి స్ట్రెచర్, అంటే కాన్వాస్ బిగించే చెక్క చట్రం, అయితే వెనక మూలల్లో చిన్న చెక్క చీలలు ఉంటాయి, మెల్లగా తట్టితే మళ్లీ బిగుస్తుంది. కొనేటప్పుడు ఆ చీలలు ఉన్నాయో లేదో చూడండి, నాలుగు బద్దలు మేకులతో కొట్టేసినవాటికి ఆ సౌకర్యం ఉండదు. ఆయిల్ పెయింటింగ్‌కి అద్దం అక్కర్లేదు. తడిబట్టతో తుడవొద్దు, మెత్తటి పొడి బ్రష్ చాలు. పండగ ముందు ఇల్లు కడిగేవాళ్లకి ఇది గట్టిగా చెప్పాలి.

చింతగింజ:

నాది వేరే సలహా. కాన్వాసే అని ఎందుకు పట్టు? మీకు దగ్గర్లోనే పటం బొమ్మలకి పేరున్న చేర్యాల ఉంది, జనగామ నుంచి సిద్దిపేట రోడ్డు మీద. ఇప్పుడు సిద్దిపేట జిల్లా, 2016 దాకా మన వరంగల్ జిల్లానే. ఆ పటాలు వేసే నకాషీ వాళ్ల ఇళ్లకే వెళ్లి కూర్చుని చూసి ఆర్డర్ ఇవ్వచ్చు. ఖాదీ బట్ట మీద గంజి, తెల్ల సుద్ద, ఉడకబెట్టి రుబ్బిన చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేస్తారు, ఆరాక గీత, తర్వాత బొమ్మల చుట్టూ నేపథ్యంగా ఆ ఎర్ర రంగు. ముట్టుకుంటే బట్టలా ఉండదు, పలచటి అట్టలా ఉంటుంది.

మా అమ్మమ్మ ఊళ్లో కూనపులి వాళ్లు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు, పద్మశాలీలకి ఆ కథ, గౌడులకి గౌడ పురాణం, చాకలివాళ్లకి మడేలు పురాణం, ఎవరి పటం వాళ్లది. ఇప్పుడు పటం కథలు చెప్పించుకునేవాళ్లు తక్కువ, అందుకే చిన్న ఫ్రేముల్లో బతుకమ్మ, బోనాలు, పొలం పనులు వేస్తున్నారు. ఏడడుగుల సోఫా మీదకి అడ్డంగా ఒక పొడుగు పటం వేయించుకోండి, అట్లాంటిది ఫోన్‌లో వెతికితే దొరకదు. ఒకటే జాగ్రత్త, దీనికి మాత్రం అద్దం వేయించాలి, బొమ్మకి తగలకుండా మధ్యలో సందు వదిలి. నీళ్లు పడితే రంగు కరుగుతుంది.

బోడుప్పల్_బ్యాచ్:

చేర్యాల సలహాకి నా ఓటు కూడా. అయినా కాన్వాసే కావాలంటే హైదరాబాద్ ఒక రోజు వచ్చిపోండి, పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటారు. జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫైన్ ఆర్ట్స్ కాలేజీలోనూ, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లోనూ ఫైనలియర్ పిల్లలు చదువు ముగిసేటప్పుడు ప్రదర్శన పెడతారు. వేసిన మనిషి పక్కనే నిలబడి ఉంటాడు, ధర వాడితోనే మాట్లాడొచ్చు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో కూడా ప్రదర్శనలు నడుస్తుంటాయి. చాలామంది పిల్లలు చదరపు అడుగు లెక్కన చెబుతారు, అందుకని పెద్దది ఒకటి కాకుండా మూడడుగులది ఒకటి, రెండడుగులది ఒకటి అడిగితే మీ బడ్జెట్‌లో సర్దుకోవచ్చు. సోఫా పొడవులో మూడింట రెండు వంతులు నిండితే చాలు, గోడంతా నింపక్కర్లేదు. బొమ్మ మధ్యభాగం నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తులో, నేల నుంచి అయిదడుగులకి కొంచెం తక్కువలో ఉండాలి. మనవాళ్లు సీలింగ్ ఫ్యాన్‌కి తగిలించినట్టు పైన కొడతారు, ఎందుకో నాకు అర్థం కాదు.

కాగితం అడగడానికి మొహమాటపడకండి. బొమ్మ పేరు, సైజు, ఆయిలా అక్రిలిక్కా, వేసిన సంవత్సరం, సంతకం ఉన్న ఒక కాగితం, దాంతో పాటు రసీదు. చేత్తో వేసిన పెయింటింగ్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి దిగింది, గ్యాలరీ బిల్లులో ఇంకా 12 కనిపిస్తే అక్కడే అడగండి. రిజిస్ట్రేషన్ లేని స్టూడెంట్ దగ్గర కొంటే ఆ గొడవే లేదు.

ఇంకోటి, వేసి పెట్టిన బొమ్మ కొంటే బొమ్మ మీది, కాపీరైట్ మాత్రం ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది, రేపు పెళ్లి కార్డు మీద అచ్చు వేయించాలంటే అడగాలి. అదే మీరు డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోకపోతే, 1957 చట్టం ప్రకారం ఆ హక్కు మీదే. ఎవరికి ఏది ఉంటుందో ముందే ఒక లైన్ రాసుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

కొత్తిల్లు_హన్మకొండ:

అబ్బా, ఇంత సమాచారం అనుకోలేదు, అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం ఆ షాపుకి వెళ్లి టార్చి పట్టాను. కుంచె అన్న చెప్పినట్టే గీతలన్నీ ఏటవాలుగా చిలక మీంచీ మొహం మీంచీ పోయినయ్. వెనక తిప్పమంటే "ఫ్రేమ్ పాడైతది మేడమ్" అన్నారు. వచ్చేశాం.

పడమటి గోడ వద్దు, డైనింగ్ వైపు ఉత్తరం గోడకి సోఫా మారుస్తున్నాం. చేర్యాల పటం అత్తమ్మకి నచ్చింది, పాత పటం కథలు ఆమెకు గుర్తున్నాయట, ఇక ఆమె ముందు మా మాట చెల్లదు. అది హాల్‌కి. పైన బెడ్‌రూమ్‌కి చిన్న కాన్వాస్ ఒకటి వేయించుకోవాలని ఉంది, చెరువు, గుట్ట, తాటిచెట్లు, అంతే. గృహప్రవేశానికి అందుతుందా? ఏడు గుర్రాలు కూడా అందులో ఇరికించమంటున్నారు.

కుంచె_కాజీపేట:

అక్రిలిక్ అయితే అందుతుంది, గంటల్లో ఆరిపోతుంది. ఆయిల్ అయితే పైపైన ఆరడానికే వారం పది రోజులు, మందంగా వేస్తే ఇంకా ఎక్కువ, చివరి వార్నిష్ ఆరు నెలల తర్వాతే వేయాలి. తొందరపెట్టి తడి బొమ్మ తీసుకెళ్తే దుమ్ము అంటుకుంటుంది. మీ టైముకి అక్రిలిక్కే చెప్పండి. ముందు చిన్న స్కెచ్ చూపించమనండి, నచ్చాకే అడ్వాన్స్, ఎన్ని మార్పులు చేస్తారో మాట్లాడుకోండి. గుర్రాలు వద్దనను, అత్తమ్మగారితో నాకెందుకు, కానీ చెరువు గట్టు మీద ఏడు గుర్రాలంటే వేసేవాడు ఎక్స్‌ట్రా అడుగుతాడు, కాళ్లు ఇరవై ఎనిమిది.

ఫ్రేమింగ్_చౌరస్తా:

తెచ్చేటప్పుడు అక్రిలిక్ బొమ్మకి నేరుగా బబుల్ ర్యాప్ చుట్టకండి మేడమ్, కారులో వేడికి బుడగల అచ్చు పడుతుంది, ముందు బటర్ పేపర్ వేసి పైన చుట్టాలి. చుట్ట చుట్టి పంపిస్తామంటే రంగు బయటివైపు ఉండేలా, లావు పైపుకి చుట్టమనండి. బొమ్మా పటం రెండూ చేతికొచ్చి, ఫ్రేమ్ అయ్యాకే గోడకి డ్రిల్ కొట్టించండి, టైల్స్ మిషన్ అతను ఉన్నాడు కదా అని ఇప్పుడే రంధ్రాలు వేయించకండి, కొత్త పుట్టీ మళ్లీ తవ్వాల్సి వస్తుంది.

కొత్తిల్లు_హన్మకొండ:

రెండు రంధ్రాలు ఆల్రెడీ కొట్టేశాడు అన్నా. క్యాలెండర్ పెడతాం లెండి.