ఇంగ్లండ్ బోస్టన్‌లో ఫ్యామిలీతో ఉండొచ్చా? క్రైమ్ రేట్ చూసి ఇంట్లో ఒకటే గొడవ

భీమవరం_బాబు

అందరికీ నమస్తే. మా ఆవిడకి పిల్‌గ్రిమ్ హాస్పిటల్లో స్టాఫ్ నర్స్ జాబ్ వచ్చింది, హాస్పిటల్ వాళ్ళిచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ (సీఓఎస్) కూడా వచ్చేసింది, ఇక వీసా రావడమే లేటు. బోస్టన్ అంటే అమెరికా బోస్టన్ కాదండీ, ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ జిల్లాలో ఉన్న చిన్న ఊరు, మా మామగారికి ఈ తేడా చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో, ఎందుకంటే ఆయన వెంటనే గూగుల్ కొట్టి 2016 నాటి వార్త ఒకటి పట్టుకున్నారు, ఇంగ్లండ్ వేల్స్ మొత్తంలో హత్యలు ఎక్కువ జరిగే ఊరు ఇదేనని. ఇక చూడండి, అమ్మాయిని అక్కడికి పంపేది లేదని మొదలెట్టారు.

నేనూ రెండు మూడు సైట్లు చూశా, ఒకదాన్లో "యావరేజ్ కన్నా ఎక్కువ" అని ఎర్రగా చూపిస్తోంది, ఇంకోదాన్లో మామూలే అంటోంది, ఏది నమ్మాలో తెలీట్లేదు. మాకు నాలుగేళ్ల పాప ఉంది. నేను ఇంట్లోంచే పని చేస్తా. హాస్పిటల్ దగ్గర్లో ఇల్లు తీసుకోవాలా, లేక స్పాల్డింగో స్లీఫర్డో వెళ్ళి అక్కడ్నుంచి తిరగాలా, కొంతమంది పీటర్‌బరో వెళ్ళండి మనవాళ్ళున్నారు అంటున్నారు కానీ ఆవిడకి షిఫ్టులు, రోజూ గంట డ్రైవింగ్ అంటే కష్టం. అక్కడ ఉన్నవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, భయపెట్టినా పర్లేదు.

లెక్కల_మాస్టారు

బాబుగారూ, నేను పీటర్‌బరోలో ఉంటా, బోస్టన్ పని మీద వస్తూ పోతూ ఉంటా. ముందు ఆ 2016 వార్త సంగతి తేల్చేద్దాం. అది హత్యలూ హత్యాయత్నాలూ కలిపేసి లక్ష మందికి ఎన్ని అని వేసిన లెక్క. బోస్టన్ బరో మొత్తం, అంటే చుట్టుపక్కల పల్లెలతో కలిపి, 2021 సెన్సస్ ప్రకారం 70,500 మంది. అక్కడ ఒక్క కేసు పడితే చాలు, లక్షకి దాదాపు ఒకటిన్నర పెరిగిపోతుంది. ఏదో ఒక ఏడాది తాగుబోతు గొడవలు నాలుగు ఎక్కువైతే లండన్, మాంచెస్టర్ కిందకి పోయి ఈ ఊరు పైకొచ్చి కూర్చుంటుంది, మరుసటేడు తగ్గినప్పుడు మాత్రం ఏ పేపరోడూ రాయడు. మామగారికి ఈ ముక్క చెప్పండి, లెక్కలు తెలిసినవారైతే వింటారు.

రెండోది, ఆ రేటింగ్ సైట్లన్నీ చేసేది ఒకటే పని, పోలీసులు ఇచ్చే డేటా తీసుకుని జనాభాతో భాగించడం. ఎవరి జనాభాతో? అక్కడ రాత్రి పడుకునేవాళ్ళతో. పగలు వచ్చి షాపింగ్ చేసేవాళ్ళు, బుధవారం శనివారం మార్కెట్‌కి పల్లెల నుంచి వచ్చేవాళ్ళు, పబ్బుకొచ్చి తన్నుకునేవాళ్ళు, ఆ భాగహారంలో వీళ్ళ నేరాలు పైన ఉంటాయి గానీ వీళ్ళు కింద జనాభాలో ఉండరు. సిటీ ఆఫ్ లండన్‌నే చూడండి, కాపురం ఉండేది 8,600 మంది, ఉద్యోగానికి వచ్చేది లక్షల్లో. ఆ లెక్కన అది యుద్ధభూమిలా కనపడాలి. అందుకే టౌన్ సెంటర్ ఉన్న ప్రతి చిన్న ఊరూ ఎర్రగా వస్తుంది, పక్క పల్లె పచ్చగా వస్తుంది.

ఇంకా ఆ లిస్టులో "వయొలెన్స్ అండ్ సెక్సువల్ అఫెన్సెస్" అనే గడి చూసి గుండె ఆగినంత పనవుతుంది. అందులో కత్తిపోట్లూ ఉంటాయి, బెదిరింపు మెసేజ్‌లూ ఉంటాయి, హరాస్‌మెంట్ ఉంటుంది, దెబ్బ తగలకుండా నెట్టుకున్నదీ ఉంటుంది, మొగుడూ పెళ్ళాల గొడవలూ ఉంటాయి. పైగా 2014లో పోలీసుల పనిని తనిఖీ చేసే ఇక్కడి ఇన్‌స్పెక్టరేట్ లెక్క తీస్తే జనం చెప్పిన నేరాల్లో 19 శాతం దాకా పోలీసులు అసలు రాసుకోవడమే లేదని తేలింది, ఏడాదికి 8 లక్షల పైచిలుకు. అప్పట్నుంచి గట్టిగా రాయడం మొదలెట్టారు, గ్రాఫ్ పైకి పోయింది. అందులో ఎంత నిజంగా పెరిగిందో ఎంత రాతలో పెరిగిందో విడదీయడం అంత ఈజీ కాదు. జనాన్ని నేరుగా అడిగి చేసే ఓఎన్ఎస్ (ఇక్కడి జాతీయ గణాంకాల ఆఫీసు) సర్వేలో అయితే 1995 తర్వాత మొత్తం మీద బాగా తగ్గింది. పెరిగింది ఏంటంటే షాపుల్లో దొంగతనాలు, 2025 మార్చి దాకా ఏడాదిలో ఇంగ్లండ్ వేల్స్ కలిపి 5 లక్షల 30 వేలు దాటాయి, అది రికార్డు. సూపర్‌మార్కెట్‌లో ఎవడో చీజ్ ప్యాకెట్ కోటులో దోపుకుపోతే అదీ మీ పోస్ట్‌కోడ్ ఖాతాలోకే.

కాబట్టి ఊరి రేటు వదిలేసి పోలీస్ డాట్ యూకే సైట్లో మీరు చూసిన ఇంటి పోస్ట్‌కోడ్ కొట్టండి, నెలనెలా మ్యాప్ మీద చుక్కలు వస్తాయి. ఒక్క జాగ్రత్త, ఆ చుక్క సరిగ్గా జరిగిన చోట ఉండదు, ప్రైవసీ కోసం దగ్గర్లో ఒక పాయింట్‌కి జరుపుతారు, "సూపర్‌మార్కెట్ దగ్గర", "హాస్పిటల్ దగ్గర" అని రాసి ఉంటుంది. ఒక నెల కాదు, ఏడాదంతా చూడండి. ఇళ్ళలో దొంగతనాలు, కార్ల దొంగతనాలు ఎన్ని అనేదే మీకు కావాల్సింది.

నైట్‌డ్యూటీ_అక్క

తమ్ముడూ, నేను ఈ ఊళ్ళోనే ఉంటున్నా, హాస్పిటల్లోనే పని. మాస్టారుగారు చెప్పింది నిజమే కానీ మ్యాప్ మీద కనపడని సంగతులు కొన్ని చెప్తా.

హాస్పిటల్ సిబ్సీ రోడ్డు మీద ఉంటుంది, ఊరికి ఉత్తరాన. పక్కనే మాడ్ ఫాస్టర్ డ్రెయిన్ అని పొడుగ్గా కాలువ, చుట్టూ నేలంతా చదును, మన డెల్టా కాలవ గట్టు మీద నడుస్తున్నట్టే ఉంటుంది, కొబ్బరిచెట్లు ఒక్కటే తక్కువ. ఎండాకాలం ఆ గట్టు మీద పాపని తీసుకుని నడవడం హాయి. డిసెంబర్లో మాత్రం సాయంత్రం నాలుక్కే చీకటి పడిపోతుంది, లాంగ్ డే, అంటే పన్నెండు గంటల పగటి షిఫ్టు చేసి రాత్రి ఎనిమిదింటికి బయటికొచ్చాక ఆ గట్టు దారి వద్దు, లైట్లున్న మెయిన్ రోడ్డు మీదే రమ్మను, లేదా నువ్వెళ్ళి తీసుకురా. నేరం జరుగుతుందని కాదు, కాలు జారి కాలవలో పడినా అడిగే నాథుడుండడు.

టౌన్ సెంటర్ పగలు ఏమీ అనిపించదు. వెస్ట్ స్ట్రీట్ పొడుగునా పోలిష్, లిథువేనియన్, రొమేనియన్ షాపులు, పొలాల్లో కూరగాయల పనికి వచ్చినవాళ్ళు 2004 తర్వాత బాగా స్థిరపడ్డారు. వీధుల్లో కూర్చుని తాగడం ఇక్కడ పాత గొడవ, 2015 నుంచి సెంటర్లో దాన్ని ఆపే ఆర్డర్ ఉంది, పోలీసులు అడిగితే క్యాన్ ఇచ్చేయాలి. అయినా కనపడతారు అక్కడక్కడా. నన్ను ఎవరూ ఏమీ చెయ్యలేదు, కానీ శుక్రవారం శనివారం రాత్రి పదకొండు దాటాక మార్కెట్ ప్లేస్ వైపు మాకు పనేంటి చెప్పు.

అసలు నర్సుకి దెబ్బ తగిలేది ఎక్కడో తెలుసా, వీధిలో కాదు, డ్యూటీలో. ఇది ఏ ఊరి హాస్పిటల్ అయినా అంతే. తాగి వచ్చినవాడు, మతిమరుపు ఉన్న పెద్దాయన, ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ఎమర్జెన్సీ వర్కర్ల మీద దాడికి 2018లో ప్రత్యేక చట్టమే వచ్చింది, నర్సులు కూడా అందులోకి వస్తారు. కొత్తగా వచ్చిన మన అమ్మాయిలు "ఎందుకులే అక్కా" అని రిపోర్ట్ రాయరు. మీ ఆవిడకి మొదటి రోజే చెప్పు, రాయాలి అని.

ఓరుగల్లు_పోరడు

అక్కా, అన్నా, మంచిగనే చెప్పిన్రు గానీ అంతా బంగారం లెక్క చూపెట్టకుండ్రి. నేను కూడా ఇసుంటి చిన్న టౌన్‌లనే ఉంటున్న, పేరు వద్దు. కత్తులు, దొంగలు సంగతి పక్కకు పెట్టు, మన రంగు చూసి కార్లకెళ్లి అరిచి పోయేటోళ్ళు ఉంటరు, బస్‌స్టాప్ కాడ పోరగాండ్లు గుడ్లు ఇసురుతరు. ఇవి ఏ మ్యాప్ మీద చుక్క అయితయే? మనం చెప్తెనే గదా. మనోళ్ళు చెప్పరు, పోలీసోళ్ళ కాడికి పోతే వీసాకేమన్న అయితదేమో అని భయం. ఏం కాదు, బాధితుడు కంప్లైంట్ ఇస్తే వీసాకి దానికి సంబంధమే లేదు. ట్రూ విజన్ అని సైట్ ఉంది హేట్ క్రైమ్‌కి, ఇంట్ల కూసొని రాయొచ్చు.

బ్రెగ్జిట్ ఓటింగ్ అప్పుడు బోస్టన్‌ల 75.6 శాతం బయటకు పోదామన్నరు, దేశంలనే ఎక్కువ. అందరు మనల్ని తిడ్తరని కాదు, ఆ కోపం ఎక్కువ పొలాల పనికొచ్చిన యూరప్ వాళ్ళ మీదనే, కానీ గాలి ఎటు మర్లుతదో చెప్పలేం. 2024 జులై ఆఖర్ల సౌత్‌పోర్ట్‌ల చిన్నపిల్లల మీద కత్తి దాడి అయినంక రోథరమ్, హార్ట్‌లేపూల్, మిడిల్స్‌బ్రోల వలస వచ్చినోళ్ళ మీద అల్లర్లు ఎట్ల అయినయో టీవీల చూసినం, ఆ వారం మేము పిల్లల్ని పార్క్‌కి కూడా తీస్కపోలే. పోవద్దంటలేను, తెల్సుకొని పోవాలె అంటున్న.

నైట్‌డ్యూటీ_అక్క

పోరడు తమ్ముడు చెప్పింది కాదనను. ఆ వారం మేమూ వార్డులో డ్యూటీ మార్చుకుని అందరం కలిసే వచ్చాం వెళ్ళాం. మా వీధిలో ముసలావిడ ఒకామె తలుపు కొట్టి ఏమన్నా కావాలంటే చెప్పమంది, అదీ చూశా.

భీమవరం_బాబు

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో డౌట్. పెళ్లి బంగారం కొంత ఉంది, ఇక్కడ లాకర్లో పెట్టి వద్దామంటే ఆవిడ ఒప్పుకోవట్లేదు, పండగలకి కావాలంటోంది. అక్కడ బ్యాంక్ లాకర్ దొరుకుతుందా? ఇంట్లో పెట్టుకుంటే ఏమన్నా భయమా?

లెస్టర్_పెదబాబు

బాబూ, ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా, తేవద్దు. తెచ్చినా రోజూ పెట్టుకునేది తప్ప ఇంకేం వద్దు. ఇక్కడ దొంగలకి ఏషియన్ ఇళ్ళలో 22 క్యారెట్ ఉంటుందని బాగా తెలుసు, దసరా నుంచి దీపావళి దాకా లెస్టర్‌షైర్ పోలీసులతో సహా చాలా చోట్ల పనిగట్టుకుని హెచ్చరికలు ఇస్తారు. నగలేసుకుని గుడి ఫోటోలు అప్పటికప్పుడు ఫేస్‌బుక్‌లో పెడతాం చూడు, ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేసినట్టే. హై స్ట్రీట్ బ్యాంకులు లాకర్లు చాలావరకు ఎత్తేశాయి, లెస్టర్లో లండన్లో ప్రైవేట్ వాల్ట్‌లు ఉన్నాయి గానీ బోస్టన్ నుంచి లెస్టర్‌కే గంటన్నర రెండు గంటలు పడుతుంది, లండన్‌కి ఇంకా ఎక్కువ.

కంటెంట్స్ ఇన్సూరెన్స్ (ఇంట్లో సామాన్లకి చేసేది) ఉందిగా అనుకోకు. ఒక్కో వస్తువుకి లిమిట్ ఉంటుంది, చాలా పాలసీల్లో 1,500 పౌండ్ల చుట్టుపక్కల, అంతకన్నా ఎక్కువైతే ఆ నగ పేరు రాయించి, వేల్యుయేషన్ కాగితం ఇవ్వాలి. కొన్ని పాలసీల్లో తలుపు బద్దలు కొట్టిన గుర్తు లేకపోతే పైసా రాదు.

తలుపంటే గుర్తొచ్చింది, మనవాళ్ళలో సగం మందికి ఇక్కడి ప్లాస్టిక్ తలుపు సంగతి తెలీదు. మూసేస్తే బయట్నుంచి తెరుచుకోదు కాబట్టి లాక్ పడింది అనుకుంటారు. పడదు. హ్యాండిల్ పైకి ఎత్తి, తర్వాత తాళం తిప్పాలి, అప్పుడే పైనా కిందా మధ్యలో కొక్కేలు పడతాయి. తాళంచెవి తలుపుకే వదిలేసినా, లెటర్‌బాక్స్ పక్కన పెట్టినా కడ్డీతో లాగేస్తారు. ఇంకోటి, తాళంచెవి దూర్చే సిలిండర్ పాతదైతే హ్యాండిల్ దగ్గర పట్టుకుని విరిచేస్తారు, నిమిషం పని. త్రీ స్టార్ ఉన్న యాంటీ స్నాప్ సిలిండర్ ఉందా అని ల్యాండ్‌లార్డ్‌ని అడుగు, లేకపోతే రాతపూర్వకంగా అడిగి నీ ఖర్చుతోనే వేయించుకో, పెద్ద ఖర్చేం కాదు. కారు కీలెస్ అయితే తాళాన్ని సిగ్నల్ ఆపే పౌచ్‌లో పెట్టు.

ఎవడైనా ఇంట్లోకి దూరుతుంటే 999, అయిపోయిన తర్వాత చెప్పేదైతే 101 లేదా ఆన్‌లైన్. 999కి మొబైల్ నుంచి చేసి మాట్లాడలేని పరిస్థితి అయితే, చెప్పినప్పుడు 55 నొక్కాలి, అప్పుడు పోలీసులకి కలుపుతారు. ఇది మీ ఆవిడకి కూడా నేర్పు.

భీమవరం_బాబు

పెదబాబుగారూ మీ మెసేజ్ యథాతథంగా మామగారికి ఫార్వర్డ్ చేశా, బంగారం విషయంలో ఇప్పుడు ఆయన నా పార్టీ. ఇల్లు హాస్పిటల్ దగ్గర్లోనే చూద్దామని ఫిక్స్ అయ్యాం. నది వైపు ఒక టూ బెడ్‌రూమ్ కనపడింది, అద్దె తక్కువే, మ్యాప్‌లో ఏడాది మొత్తం మీద పెద్దగా చుక్కలేం లేవు. తీసుకోవచ్చా అక్కా?

నైట్‌డ్యూటీ_అక్క

దొంగల మ్యాప్ చూశావు సరే, వరద మ్యాప్ చూశావా? 2013 డిసెంబర్ 5న సముద్రం పోటు మీద వచ్చి నది పొంగి ఊళ్ళో వందల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత బ్యారియర్ గేటు కట్టారు, 2020 చివర్లో వాడకంలోకి వచ్చింది, ఇప్పుడు చాలా నయం. అయినా గవర్నమెంట్ సైట్లో ఆ పోస్ట్‌కోడ్ ఫ్లడ్ రిస్క్ చూసి, కంటెంట్స్ ఇన్సూరెన్స్ కొటేషన్ తీసుకుని, అప్పుడు డిపాజిట్ కట్టు. వ్యూయింగ్‌కి, అంటే ఇల్లు వెళ్ళి చూడ్డానికి మనిషి లేకపోతే చెప్పు, నాకు గురువారం ఆఫ్, వెళ్ళి వీడియో తీసి పెడతా. తలుపు హ్యాండిల్ కూడా ఎత్తి చూస్తాలే.