తొలి రైతులు ఏటి ఒడ్డు వదిలి గుట్టల మీద ఊళ్లెందుకు కట్టుకున్నారు?

అందరికీ నమస్తే. గ్రూప్స్‌కి చదువుతున్నాను, ఉండేది చిక్కడపల్లిలో. తొలి వ్యవసాయ గ్రామాలు నదీ తీరాల్లోనే వెలిశాయని ప్రతి గైడులోనూ ఒకటే పాట. దక్కన్ దగ్గరకొచ్చేసరికి నాకది పొసగడం లేదు.

బళ్లారి దగ్గర సంగనకల్లు చూడండి. నవీన శిలాయుగం వాళ్లు గ్రానైట్ గుట్టల మీద, వాటి పాదాల దగ్గర ఇళ్లు వేసుకున్నారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్‌ది కాదు) 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బలో పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. అంటే దొడ్డిలో పేరుకున్న పేడను కాల్చి, మళ్లీ అక్కడే మందను తోలారన్నమాట. ఆ కాలం వాళ్లు పండించినవి ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు. అన్నీ వానతో గట్టెక్కే పంటలే. మరి ఏటితో అంత పని పడలేదా? గుట్ట వాలులో ఊరే నీళ్లు సరిపోయాయా? వరద టెన్షన్‌తో పైకెక్కారా? లేక ఒడ్డున ఉన్న ఊళ్లు ఒండ్రు కింద పడి మనకు కనిపించడం లేదా? నా అనుమానమైతే ఈ చివరిదాని మీదే.

హర్యానా, రాజస్థాన్ల మీదుగా పారే ఘగ్గర్ నది వైపు కథ ఇంకా వింత. సట్లెజ్ ఆ దారి వదిలిన వేల ఏళ్లకు గానీ అక్కడ హరప్పా ఊళ్లు పెరగలేదని 2017లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. నిండు నదికన్నా అది వదిలేసిన పాత పాయే సేద్యానికి నయమా?

బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భువన్ వెబ్‌సైట్‌లోని ఉపగ్రహ మ్యాపుల్లో పాత పాయల్ని ఎలా గుర్తుపట్టాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఉట్నూరు వెళ్లొచ్చినవాళ్లుంటే, దిబ్బకు దగ్గర్లోని వాగు ఎంత దూరమో కూడా రాయండి.