కంపెనీ పంపిన కార్మికుణ్ణి ‘వలస కార్మికుడు’ అనవచ్చా? (‘అచ్చుతప్పు’, ‘చట్టంమాట’, ‘నుడికారం’, ‘వ్యావహారికం’ అనే మారుపేర్లతో నలుగురి చర్చ)

అచ్చుతప్పు:
ఐరోపా నాయకుల ప్రసంగాల్లో ‘పోస్టెడ్ వర్కర్’ అనే మాట పదే పదే వస్తుంది. ఒక దేశంలోని కంపెనీ తన దగ్గర పనిచేసే మనిషిని కొన్నాళ్ళు ఇంకో దేశంలో పనికి పంపితే అతను పోస్టెడ్ వర్కర్. తెలుగులో ‘వలస కార్మికుడు’ అని రాస్తే అందరికీ తెలిసిన మాటే కదా, సరిపోతుందా? లేకపోతే ‘పోస్టింగ్ మీద వెళ్ళిన కార్మికుడు’ అందామా?

చట్టంమాట:
రెండూ వద్దండి. ‘పోస్టింగ్’ అనగానే మనవాళ్ళకు తట్టేది బదిలీ అయిన అధికారి. ఆ మాటతో మొదలుపెడితే రెండు పేరాల దాకా అపార్థం నడుస్తూనే ఉంటుంది.

‘వలస’తో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. పోలండ్ తాపీమేస్త్రీ ఒకడు తనంతట తాను ఫ్రాన్స్ వెళ్ళి అక్కడి కంపెనీలో చేరాడనుకోండి. అది కార్మికుల స్వేచ్ఛా సంచారం, ఐరోపా సమాఖ్య ఒప్పందంలో 45వ అధికరణం. జీతం, సెలవులు, బీమా చందాలు అన్నీ మొదటి రోజు నుంచే ఫ్రాన్స్ లెక్క. అదే మేస్త్రీని పోలండ్ కంపెనీ ఒక కాంట్రాక్టు పని మీద పంపిందనుకోండి. అది 56వ అధికరణం, సేవల స్వేచ్ఛ. చట్టం దృష్టిలో అక్కడ సరిహద్దు దాటింది కంపెనీ. మేస్త్రీ దాని పనిముట్ల పెట్టెతో పాటు వచ్చినట్టు లెక్క! 1996 నాటి 96/71 డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన ఐరోపా చట్టం) ప్రకారం అతనికి ఫ్రాన్స్‌లోని కనీస వేతనం, పని గంటల పరిమితి, కనీస సెలవులు, భద్రతా నియమాల లాంటివి కొన్నే వర్తించేవి. ఒకే గోడ కడుతున్న ఇద్దరికి రెండు జీతాలు వచ్చింది అందుకే.

నాయకుల తగాదా అంతా ఈ రెండో మేస్త్రీ గురించి. ఇద్దరినీ కలిపి ‘వలస కార్మికులు’ అనేస్తే, బయటివాళ్ళు రాకూడదని గొడవ పడుతున్నారేమో అనుకుంటాడు పాఠకుడు. కొందరు అలా అన్నారు కూడా, అది వేరే సంగతి.

నుడికారం:
‘పంపిన కార్మికుడు’ అందామంటే తెలుగు అడ్డొస్తుంది. ‘చదివిన పుస్తకం’ దగ్గర ఎవరికీ సందేహం రాదు, పుస్తకం చదవలేదు కాబట్టి. ‘పంపిన మనిషి’ అంటే మాత్రం ఎవరినో పంపినవాడూ కావచ్చు, ఎవరో పంపగా వచ్చినవాడూ కావచ్చు. మన క్రియాజన్య విశేషణానికి కర్తకూ కర్మకూ ఒకటే రూపం. ‘పంపబడిన’ అంటే సందేహం తీరుతుంది గానీ అది నోటికెక్కని మాట. కర్తను ముందుకు తెస్తే చాలు: ‘కంపెనీ పంపిన కార్మికుడు’. ఆఫీసు తెలుగే కావాలంటే ‘డెప్యుటేషన్ మీద వెళ్ళిన కార్మికుడు’ అనొచ్చు.

చట్టంమాట:
మొదటిది బాగుంది. రెండోది ఒప్పుకోను. డెప్యుటేషన్ మీద వెళ్ళిన ఉద్యోగికి మామూలుగా జీతం ఇచ్చేది, పని చెప్పేది తీసుకున్న శాఖ. ఇక్కడ అందుకు తలకిందులు. నియామకం, జీతం, తొలగించే అధికారం అన్నీ పంపిన కంపెనీ చేతిలోనే ఉండాలి. ఆ సంబంధం తెగితే అది పోస్టింగే కాదు.

‘కంపెనీ’ అన్న మాట వదలకూడదనడానికి ఇంకో కారణం ఉంది. పంపిన దేశంలోనే బీమా చందాలు కట్టుకునే వెసులుబాటు కావాలంటే ఏ1 అనే పత్రం తీసుకోవాలి. అది మామూలుగా 24 నెలలు మించని పనికే ఇస్తారు. పంపేముందు ఆ మనిషి అప్పటికే పంపే దేశపు బీమా పరిధిలో ఉండి ఉండాలి, నెల రోజులుంటే చాలని ఆనవాలు. గడువు తీరిన ఇంకో పంపిన మనిషి స్థానంలోకి ఇతన్ని దింపకూడదు. కంపెనీకి తన దేశంలో నిజమైన వ్యాపారం ఉండాలి, మొత్తం టర్నోవరులో 25 శాతం అక్కడ వస్తుంటే అదొక గుర్తు. ఎక్కువ మోసాలు ఈ చివరి షరతు దగ్గరే. చందాలు తక్కువున్న దేశంలో ఒక చిరునామా, ఒక బోర్డు, ఓ ఉత్తరాల పెట్టె. మనుషులు మాత్రం ఇంకెక్కడో.

అచ్చుతప్పు:
దాన్ని ‘లెటర్‌బాక్స్ కంపెనీ’ అంటున్నారు. ‘సూట్‌కేసు కంపెనీ’ అనొచ్చా?

నుడికారం:
సూట్‌కేసు కంపెనీ అంటే మనకు నల్లడబ్బు వాసన వస్తుంది. ఇక్కడ దొంగతనం చందాల్లో, జీతాల్లో. ‘డొల్ల కంపెనీ’ చాలు.

అచ్చుతప్పు:
సరే. ఇక నినాదం. 2017 సెప్టెంబరు ప్రసంగంలో ఐరోపా కమిషన్ అధ్యక్షుడు యుంకర్, రెండో తరగతి కార్మికులు ఉండకూడదంటూ, ఒకే చోట ఒకే పనికి ఒకే జీతం రావాలన్నాడు. మనకు ‘సమాన పనికి సమాన వేతనం’ అని తయారుగా ఉంది కదా, అదే వాడితే?

వ్యావహారికం:
తయారుగా ఉండటమే దాంతో ప్రమాదం. ‘సమాన పనికి సమాన వేతనం’ అంటే ఐరోపాలోనూ మొదట ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య సమానత్వమే. 1957 రోమ్ ఒప్పందం 119వ అధికరణంలోనే అది ఉంది. యుంకర్ మాటలో బరువంతా ‘ఒకే చోట’ మీద పడుతుంది. అది తీసేస్తే తగాదాయే ఉండదు. సమానత్వం ఎవరికి చేదు? ఏ ఊరి జీతంతో సమానం అన్నదే గొడవ. పంపిన దేశంలోని జీతంతోనా, పని జరిగే దేశంలోని జీతంతోనా?

తూర్పు దేశాల నాయకుల వాదన కూడా ఇక్కడే పుడుతుంది. వాళ్ళు కార్మికుల హక్కులు వద్దనలేదు. తక్కువ జీతం తమ కంపెనీలకున్న న్యాయమైన పోటీ బలమనీ, దాన్ని లాక్కోవడం పడమటి దేశాల మార్కెట్లకు గోడ కట్టడమేననీ అన్నారు. 2016 మార్చిలో కమిషనర్ మారియాన్ టీసెన్ సవరణ ప్రతిపాదించగానే 11 దేశాల చట్టసభలు ‘పసుపు కార్డు’ చూపించాయి, అంటే మళ్ళీ ఆలోచించమని కమిషన్‌కు అధికారికంగా అభ్యంతరం చెప్పాయి. అందులో పది కొత్తగా చేరిన దేశాలవి, పదకొండోది డెన్మార్క్. డెన్మార్క్ బాధ వేరు, జీతాల సంగతి బ్రస్సెల్స్ (ఐరోపా సమాఖ్య) చూడటమేమిటని. కాబట్టి ‘తూర్పు దేశాలు వ్యతిరేకించాయి’ అని ఒక్క ముక్కలో తేల్చకండి. కమిషన్ ఆ అభ్యంతరాలు చూసి కూడా వెనక్కి తగ్గలేదు.

ఆ తర్వాత మాక్రాన్ ఫ్రాన్స్ అధ్యక్షుడై వచ్చి, కమిషన్ పెట్టిన 24 నెలల గడువు (అది దాటితే పని జరిగే దేశపు కార్మిక నిబంధనలు వర్తిస్తాయి) సరిపోదు, 12 నెలలే ఉండాలని పట్టుబట్టాడు. 2017 అక్టోబరులో సభ్యదేశాల మంత్రుల మండలిలో పోలండ్, హంగరీ, లాత్వియా, లిథువేనియా వ్యతిరేకంగా ఓటేశాయి. బ్రిటన్, ఐర్లండ్, క్రొయేషియా తటస్థంగా ఉన్నాయి. 2018 మే 29న ఐరోపా పార్లమెంటులో 456 మంది అనుకూలం, 147 మంది వ్యతిరేకం, 49 మంది తటస్థం. బిల్లును నడిపించిన ఇద్దరిలో ఎలిజబెత్ మొరాన్-షార్తియే మితవాద పక్షం, ఆగ్నెస్ యోంగేరియస్ సోషలిస్టు పక్షం. అంటే కుడి ఎడమల తగాదాగా రాసినా తప్పే. పోలండ్, హంగరీ కోర్టుకు వెళ్ళి 2020 డిసెంబరులో ఓడిపోయాయి.

చట్టంమాట:
ఆ 12 నెలల దగ్గర అనువాదాల్లో తప్పు దొర్లడం తేలిక. ‘కార్మికుడు 12 నెలలు పనిచేస్తే ఆ దేశపు నిబంధనలు వర్తిస్తాయి’ అని రాస్తే సగమే నిజం. లెక్క మనిషిది కాదు, ఆ పనిది. అదే చోట అదే పనికి ఒకరి స్థానంలో ఇంకొకర్ని పంపితే ఇద్దరి నెలలూ కలుపుతారు. ఏడు నెలలకోసారి మనిషిని మార్చినా గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలవదు. కంపెనీ కారణం చూపిస్తూ తెలియజేస్తే 12 నెలలు 18 అవుతాయి. గడువు దాటాక ఉద్యోగ ఒప్పందం కుదుర్చుకోవడం, రద్దు చేయడం, అదనపు వృత్తి పింఛను తప్ప మిగతా కార్మిక నిబంధనలన్నీ పని జరిగే దేశానివే. ఇవి 2020 జులై 30 నుంచి అమలులోకి వచ్చాయి.

ఇంకో మార్పు చిన్న మాటలో దాగి ఉంది. 1996లో రాసింది ‘కనీస వేతన రేట్లు’. 2018లో ఆ మాట పోయి మొత్తం ప్రతిఫలం అనే అర్థం వచ్చే మాట వచ్చింది. దీన్ని తెలుగులో ‘జీతభత్యాలు’ అనబుద్ధవుతుంది. అనకండి. చట్టం జీతాన్నీ భత్యాన్నీ విడదీయడానికే అంత కష్టపడింది.

ఊహా లెక్క ఒకటి చూడండి. పని జరిగే దేశంలో ఆ పనికి రావాల్సిన జీతం 2,200 యూరోలు. పంపిన కంపెనీ ఇచ్చేది 900 జీతం, 700 పోస్టింగ్ భత్యం. ఆ 700 జీతంలో భాగమని ఒప్పందంలో స్పష్టంగా ఉంటే 1,600 ఇచ్చినట్టు, ఇంకా 600 బాకీ. అందులో ఖర్చుల కింద ఎంత, జీతం కింద ఎంత అని ఎక్కడా తేల్చకపోతే చట్టం మొత్తం 700నూ ఖర్చుల తిరుగు చెల్లింపుగానే చూస్తుంది. అప్పుడు జీతం 900 మాత్రమే, బాకీ 1,300. ప్రయాణానికి, తిండికి, బసకు ఇచ్చిన డబ్బును జీతంగా చూపించే పాత ఉపాయం ఇక్కడ ఆగింది. మీరు ‘జీతభత్యాలు 1,600’ అని రాస్తే ఆ కంపెనీ లెక్కనే మీరు ఒప్పుకున్నట్టు.

నుడికారం:
అయితే ‘వేతనం’, ‘పోస్టింగ్ భత్యం’, ‘ఖర్చుల చెల్లింపు’ అని మూడు విడి మాటలు పెట్టుకుందాం. ‘డీఏ’ మాత్రం వాడొద్దు. కొందరికది దినభత్యం, ఇంకొందరికి కరువు భత్యం.

వ్యావహారికం:
‘సోషల్’ కూడా పట్టించుకోవాల్సిన మాటే. ‘సోషల్ డంపింగ్’ను ‘సామాజిక డంపింగ్’ అంటే పాఠకుడికి కనపడేది చెత్త పోసే యార్డు. పైగా ‘సామాజిక’ అంటే మన రాజకీయాల్లో కులాల లెక్క, సామాజిక వర్గం. ఐరోపా నాయకుల నోట అది కార్మిక, సంక్షేమ విషయం. ‘సోషల్ పార్ట్‌నర్స్’ అంటే సామాజిక భాగస్వాములు కాదు, యాజమాన్య సంఘాలూ కార్మిక సంఘాలూ. ‘సోషల్ డంపింగ్’కు ‘జీతాలు తొక్కి చేసే పోటీ’ అంటాను. పొడుగైనా పరవాలేదు. అయితే అది తిట్టు మాట, కొలత మాట కాదు. ఫ్రాన్స్ నాయకుడి నోట వస్తే అలాగే ఉంచండి, మీ సొంత వాక్యంలో మాత్రం వాడకండి. పోలండ్ ప్రభుత్వం ఆ పేరునే ఒప్పుకోదు.

అలాగే ‘కలెక్టివ్ అగ్రిమెంట్’కు ‘సామూహిక ఒప్పందం’ కన్నా కార్మిక సంఘాల వాళ్ళు అనే ‘వేతన ఒప్పందం’ మేలు. లవాల్ కేసు ఆ మాట లేకుండా అర్థం కాదు. స్వీడన్‌లో చట్టబద్ధ కనీస వేతనం లేదు, జీతాలు తేలేది వేతన ఒప్పందాల్లోనే. వాక్స్‌హోమ్‌లో బడి పనికి వచ్చిన లాత్వియా కంపెనీ లవాల్ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టనంటే స్వీడన్ సంఘం పని ఆపించింది. ఆ దిగ్బంధం సేవల స్వేచ్ఛకు విరుద్ధమని ఐరోపా కోర్టు 2007 డిసెంబరులో తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది రూఫర్ట్ కేసు. జర్మనీలో జైలు కడుతున్న పోలండ్ సబ్‌కాంట్రాక్టరు తన మనుషులకిచ్చింది వేతన ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన దానిలో 46.57 శాతం. అయినా ఆ ఒప్పందాన్ని ప్రభుత్వ కాంట్రాక్టులో షరతుగా పెట్టడం చెల్లదన్నారు, అది అందరికీ వర్తించేలా ప్రకటించిన ఒప్పందం కాదు కాబట్టి. పదేళ్ళ తర్వాత నాయకులు ‘ఒకే చోట’ అని అరిచింది ఈ తీర్పుల మంట చల్లారకే.

అచ్చుతప్పు:
ఫ్రాన్స్ వామపక్ష నాయకుడు మెలెంషాన్ మాట సంగతేంటి? 2016 జులైలో ఐరోపా పార్లమెంటులో, పోస్టెడ్ వర్కర్ అక్కడున్న కార్మికుల రొట్టె దొంగిలిస్తున్నాడనే అర్థంలో మాట్లాడాడు. ‘పోస్టింగ్ వల్ల స్థానికులకు ఉపాధి పోతోంది’ అని మృదువుగా రాయమనే సలహా కూడా వినిపిస్తోంది.

నుడికారం:
అలా రాస్తే దొంగిలించినవాడు మాయమైపోతాడు. ఆయన వాక్యంలో కర్త కార్మికుడు. అంత గొడవ జరిగింది అందుకే. తన గురి ఆ డైరెక్టివ్ మీదేనని ఆయన తర్వాత వాదించినా, వాక్యం వాక్యమే. ‘స్థానిక కార్మికుల పొట్ట కొడుతున్నాడు’ అంటే తెలుగులో అంతే ఘాటు వస్తుంది, కర్త కూడా నిలుస్తాడు.

దీనికి ఎదురు తప్పు ఒకటి. అప్పటి బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ 2007 నినాదాన్ని ‘బ్రిటిష్ ఉద్యోగాలు బ్రిటిష్ కార్మికులకే’ అని రాస్తాం, అలవాటుగా. ఆ ఏత్వం ఆయన నోట లేదు. ‘బ్రిటిష్ కార్మికులకు’ అన్నాడంతే. ఆ అస్పష్టతే ఆయనకు అవసరం. ఎందుకంటే ‘కే’ అని అంటే ఐరోపా చట్టం ఒప్పుకోదు. 2009లో బ్రిటన్‌లోని లిండ్సే చమురు రిఫైనరీ దగ్గర ఇటలీ కంపెనీ మనుషులు రావడంతో సమ్మెకు దిగినవాళ్ళు అదే నినాదాన్ని అట్టల మీద రాసి ఆయనకే చూపించారు. ఏత్వం పెట్టుకుని చదివింది వాళ్ళు.

అచ్చుతప్పు:
ఆఖరిది. జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని రప్పించిన వాళ్ళను ‘అతిథి కార్మికులు’ అనొచ్చా?

నుడికారం:
అది జర్మన్లు పెట్టిన పేరుకు మాటకు మాట కాబట్టి అనొచ్చు, కొటేషన్ గుర్తుల మధ్య. అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడంటారు. ఆ ఒప్పందంలో మాత్రం రెండేళ్ళ గడువు ముందే రాశారు! 1964లో అది తీసేశారనుకోండి. వీళ్ళు పోస్టెడ్ కాదు. జర్మన్ కంపెనీలే నేరుగా పనిలోకి తీసుకున్నాయి. వీళ్ళకు ‘వలస కార్మికుడు’ సరిగ్గా సరిపోతుంది.

వ్యావహారికం:
లారీ డ్రైవర్లో? వాళ్ళనూ కంపెనీయే పంపుతుంది కదా.

చట్టంమాట:
పంపుతుంది, కానీ ప్రతి ప్రయాణం పోస్టింగ్ కాదు. 2022 ఫిబ్రవరి 2 నుంచి వాళ్ళకు విడిగా నియమాలున్నాయి. తన దేశం నుంచి సరుకు వేసుకుని ఇంకో దేశంలో దింపితే కాదు. మధ్యలో ఒక దేశం గుండా ఊరికే దాటిపోతే కాదు. అదే డ్రైవరు ఫ్రాన్స్‌లో ఖాళీ అయ్యాక, ఫ్రాన్స్‌లోనే ఒక ఊళ్ళో సరుకెత్తి ఇంకో ఊళ్ళో దింపితే ఆ ప్రయాణం మేరకు పోస్టెడ్. కాబట్టి వార్తలో ‘డ్రైవర్లకూ వర్తిస్తుంది’ అని వదిలేయకుండా ‘పరాయి దేశంలో లోపలి రవాణా, లేదా తమ కంపెనీ దేశం కాని రెండు దేశాల మధ్య రవాణా చేసే డ్రైవర్లకు’ అని రాయండి.