షాక్ కొట్టడం, షాకవడం, షాక్‌లోకి వెళ్ళడం

షాక్‌కి తెలుగు ఏమిటని అడిగితే చాలామంది ‘ఆఘాతం’ అంటారు. మాట మంచిదే, కానీ అన్ని చోట్లా అతకదు.

రెండేళ్ళ క్రితం మా బాబాయికి డెంగీ వచ్చింది. ఐదో రోజు జ్వరం దిగిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. సాయంత్రానికి చేతులు చల్లబడి చెమటతో జిగటగా అయ్యాయి. డ్యూటీ డాక్టరు నాడి, బీపీ చూసి ‘‘షాక్‌లోకి వెళ్తున్నారమ్మా’’ అన్నారు. పిన్ని కంగారుపడి, ‘‘ఆయనకి మేమేం చెప్పలేదండీ, ప్లేట్‌లెట్లు పడిపోయాయని కూడా దాచాం’’ అంది. ఆవిడకి తెలిసిన షాక్ చెడ్డ కబురు వింటే తగిలేది. డాక్టరు చెప్పింది వేరు: రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి ఊరిపోయి అవయవాలకు చాలినంత రక్తం అందడం లేదని. డెంగీలో ఆ గండం జ్వరం తగ్గే వేళకే వస్తుంది. రక్తం బాగా పోయినా, గుండె సరిగా పనిచేయకపోయినా, ఇన్‌ఫెక్షన్ ముదిరినా, పెన్సిలిన్ పడకపోయినా వచ్చేది ఇలాంటి స్థితే. సెలైన్ ఎక్కించారు, బాబాయి కోలుకున్నారు.

భౌతికశాస్త్రంలో మాత్రం ఆఘాతం చక్కగా కుదురుతుంది. జెట్ విమానం ధ్వనిని మించి, గంటకు సుమారు 1,200 కిలోమీటర్ల పైన పోతుంటే ముందున్న గాలికి తప్పుకునే వ్యవధి ఉండదు. పీడనం ఒక్కసారిగా పెరిగి తరంగమవుతుంది, ఇంగ్లీషులో దాన్ని షాక్ వేవ్ అంటారు. కింద ఉన్న మనకి అదే ‘ఢాం’ అని వినిపిస్తుంది. ఆఘాతంలో ఉన్నది ‘హన్’ ధాతువు, అంటే కొట్టడం. కాబట్టి ‘ఆఘాత తరంగం’ సరైన మాట.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు బిగబట్టాక పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి కొద్ది నెలల్లోనే 12 డాలర్ల దరిదాపుకి పోయింది. దాన్నీ షాకే అన్నారు. అయితే ఆర్థికవేత్తలకి అనుకోకుండా విరగపండిన పంట కూడా షాకే. దాన్ని ఆఘాతం అంటే రైతు ఒప్పుకుంటాడా? అక్కడ ‘కుదుపు’ నయం.

మనవాళ్ళ నోట్లో ఈ తేడాలు ఎప్పుడో తేలిపోయాయి. కరెంటు షాక్ కొడుతుంది. కబురు విని షాకవుతాం. రోగి షాక్‌లోకి వెళ్తాడు. పేరు అరువు తెచ్చుకున్నా క్రియలు మనవే, అర్థాలను విడదీసిందీ అవే. ‘ఆఘాతంలోకి వెళ్ళాడు’ అని ఎవరి నోటా రాదు.

అనువాదకులకు నా విన్నపం ఒక్కటే. వైద్యం రాసేటప్పుడు షాక్‌ను దిగ్భ్రాంతి చేయకండి. షాక్ అనే ఉంచి, పక్కన ‘ఒంట్లో రక్తప్రసరణ పడిపోవడం’ అని రాయండి. ఆ రోజు అలా చెప్పి ఉంటే మా పిన్నికి వెంటనే అర్థమయ్యేది.